వెయ్యి చుట్లు ఎక్కువ

ఆరు వందల నలభై ఒకటి, నలభై రెండు, నలభై మూడు. చుట్ల పిన్ని పెదవులు కదపకుండా లెక్కపెడుతోంది. వైండింగ్ షాపు గుమ్మంలో ఎవరో వచ్చి నిలబడ్డారు. నీడ ఆమె బల్ల మీద పడింది. అయినా తలెత్తలేదు. ఆరు వందల యాభైకి వరస నిండుతుంది. నిండాక పలచటి కాగితం పొర వెయ్యాలి. పొర వేశాకే, వచ్చింది ఎవరైనా సరే. ఈ సంగతి తెలియనివాళ్ళు ముసల్దానికి ఎంత పొగరో అనుకుంటారు. తెలిసినవాళ్ళు స్టూలు లాక్కుని కూర్చుంటారు.

వచ్చినాయన కూర్చోలేదు. వీధి చివర పళ్ళ డాక్టరు ఆయన. తెల్లకోటు విప్పకుండానే వచ్చేశాడు. నెత్తి ముందుభాగాన జుట్టు ఎప్పుడో సెలవు తీసుకుంది. వెనక మిగిలినదాన్ని భుజాల కిందదాకా పెంచి రబ్బరు బ్యాండు వేసుకున్నాడు. ఒక చిన్న అట్టపెట్టెను రెండు చేతులతో పట్టుకుని, దింపడానికి చోటు కోసం వెతుకుతున్నాడు. షాపులో అలాంటి చోటు లేదు. మూడు గోడలకీ ఇనప అరలు, అరల నిండా కాలిపోయిన నీళ్ళ మోటార్లు, ఫ్యాన్ల కాయిళ్ళు, మూతలు ఊడిన స్టెబిలైజర్లు. వార్నిష్ వాసన గోడలకే పట్టేసింది.

ఆమె కాగితం పొర వేసి, బొటనవేలితో నొక్కి, అప్పుడు కళ్ళజోడు పైనుంచి చూసింది. అరవై ఏడేళ్ళ మనిషి. బక్కపలచటి ఒళ్ళు, నీలంరంగు ఏప్రాను, మెడలో తాడుకి వేలాడే రెండో కళ్ళజోడు. ఎడమచేతి చూపుడువేలి కొసన సన్నటి గాడి ఉంది. ముప్ఫై ఏళ్ళకు పైగా తీగ జారి జారి పడిన గాడి అది. ఆమె అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా కనపడదు. ఇప్పటి యజమాని తండ్రి ఒకనాడు సరదాకి పెట్టిన పేరు ముప్ఫై మూడేళ్ళుగా అతుక్కుపోయింది. ఈ వీధిలో ఆమె అందరికీ చుట్ల పిన్నే, తనకంటే పెద్దవాళ్ళకి కూడా.

“దీన్ని విప్పి ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టాలి పిన్నిగారూ. మళ్ళీ అచ్చం అలాగే చుట్టాలి. ఒక్క చుట్టు అటూ ఇటూ కాకూడదు,” అన్నాడు డాక్టరు, పెట్టె మూత తీస్తూ.

లోపల దూది మీద నల్లటి బాబిన్ ఒకటి ఉంది. అరచేతిలో సగం పొడుగు, వేలెడు వెడల్పు. దానికి చుట్టిన రాగి తీగ తలవెంట్రుకంత సన్నం. పక్కన ఎర్రరంగు చుక్క.

“ఇదే మోటారుది?”

“మోటారుది కాదు, గిటారుది. తీగల కింద ఉంటుంది. పైన తీగ కదిలితే దీన్లో రవ్వంత కరెంటు పుడుతుంది. ఆ రవ్వంతనే ఆంప్లిఫయర్ పెద్దది చేసి గోలగా మారుస్తుంది. పికప్ అంటారు.”

గోల అనే మాట విని లోపలి గదిలోంచి యజమాని వచ్చాడు. యాభై దాటినా ఆమెకు అతను ఇంకా అబ్బాయే. చేతిలో టీ గ్లాసు, ముఖంలో ఎక్కడలేని ఆసక్తి. ఆ ఇద్దరికీ కలిపి డాక్టరు మొదటినుంచీ చెప్పుకొచ్చాడు. ఆయన చెప్పే తీరు చూస్తే, క్లినిక్కులో ఎవరో నోరు తెరుచుకుని కూర్చున్న సంగతి మరిచిపోయినట్టే ఉన్నాడు.

నలభై ఎనిమిదేళ్ళ కిందట ఈ ఊళ్ళోనే రేకుల కర్మాగారంలో పనిచేసే నలుగురు కుర్రాళ్ళు ఒక బృందం కట్టారు. హెవీ మెటల్ అనే సంగీతం అప్పటికింకా తప్పటడుగులు వేస్తోంది. ఒకే ఒక రికార్డు వేశారు, మూడు వందల ప్రతులు. తర్వాత ఒకడికి పెళ్ళయింది, ఒకడు ఊరు మారాడు, ఒకడు ఫోర్‌మన్ అయ్యాడు. బృందం అక్కడితో సరి. కానీ ఆ రికార్డులో గిటారు గొంతు ఉంది చూశారూ, అది ఇంకెక్కడా లేదు. బరువుగా, మందంగా, అడుగున ఎవరో ఇనప బీరువా ఈడుస్తున్నట్టు ఉంటుంది. డాక్టరు పదిహేనో ఏట దాన్ని విన్నాడు. అప్పట్నుంచీ ఆయన వైద్యం ఆయనది, పిచ్చి ఆయనది.

ఆ గొంతును మళ్ళీ పుట్టించాలని ఆరేళ్ళుగా తిరుగుతున్నాడట. ఆ కాలంనాటి ఆంప్లిఫయర్ సంపాదించాడు. లోపల గాజు వాల్వులు ఎర్రగా వెలుగుతాయి, ఇద్దరు మోస్తేగాని కదలదు. పైస్వరాలను మాత్రం పొడిచి లేపే చిన్న రేకుడబ్బా ఒకటి సంపాదించాడు. అందులోని పాతరకం ట్రాన్సిస్టర్‌కి వేడి తగిలితే ఒక గొంతు, చలి తగిలితే ఇంకో గొంతు. రికార్డు చేసింది చలికాలమని తెలిసి, డబ్బాని కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి వాయించి చూశాడు. సన్నతీగలు వేశాడు, శ్రుతి దించాడు, అంచు చిరిగిన స్పీకరు వెతికి తెచ్చాడు.

“మా ఆవిడ ఒకటే మాట అంది. ఇంకొక్క పెట్టె ఇంట్లోకొస్తే నేను క్లినిక్కులో పడుకోవాల్సిందేనట,” అన్నాడు.

అన్నీ కుదిరాయి, గొంతు మాత్రం రాలేదు. కిందటేడు ఆ బృందంలోని గిటారతను పోయాడు. ఆయన భార్య, అటకమీది గిటారును డాక్టరుకిచ్చింది. తీరా చూస్తే పికప్ చచ్చిపోయి ఉంది. లోపల ఎక్కడో తీగ తెగింది. ఆ రికార్డులో మోగింది ఇదొక్కటే. విప్పితే అసలుది ఉండదు. విప్పకపోతే ఎన్ని చుట్లో తెలీదు.

“ఈ ఎర్రచుక్క చూశారా? వీటిని సేకరించేవాళ్ళు దీనికోసం ప్రాణాలిస్తారు. స్పెషల్‌గా చేసినవాటికే ఈ చుక్క పెట్టేవారట,” అన్నాడు డాక్టరు గొంతు తగ్గించి.

చుట్ల పిన్ని ఆ చుక్కను చూసింది. “ముందు ఆ పాట వినిపించండి,” అంది.

డాక్టరు ఫోన్లో పెట్టాడు. చిన్న స్పీకర్లోంచి గరగరమని వచ్చింది. ఆమె తల పక్కకు వంచి శ్రద్ధగా విన్నది. యజమాని టీ తాగడం ఆపాడు.

“బేరింగు పోయిన మోటారులా ఉంది,” అందామె. “గ్రీజు పెడితే తగ్గుతుంది.”

డాక్టరు నొచ్చుకోలేదు. ఆయనకీ మాట అలవాటే, ఇంట్లో ఇంతకంటే మొరటుగా అంటారు. “ఫోన్లో అంతే పిన్నిగారూ. మీరు చుట్టివ్వండి. సాయంత్రం ఆంప్లిఫయర్ ఇక్కడికే తెచ్చి వినిపిస్తాను,” అన్నాడు. తన పనికి వాడే కళ్ళద్దాలు, దూరానివి దగ్గరగా, దగ్గరివి పెద్దగా చూపించేవి, తీసి ఆమెకిచ్చాడు. పంటిలో గుచ్చే సన్న సూది కూడా ఇచ్చాడు. కొత్త తీగ రీలు, ఖాళీ బాబిన్లు రెండు బల్ల మీద పెట్టి పరుగెత్తాడు.

ఆమెకు ఆ నల్ల బాబిన్ ఎక్కడో చూసినట్టే ఉంది. పదిహేడో ఏట రేడియో సామాన్ల ఫ్యాక్టరీలో చేరింది. పొడుగాటి హాలు, రెండు వరసల్లో నలభై మంది ఆడవాళ్ళు, నలభై చేతిమిషన్లు. ఏ కాయిల్ ఎందులోకి పోతుందో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు. ఒక ఏడాది నల్ల బాబిన్ల ఆర్డరొకటి వచ్చింది. చెవిటి మిషన్లకని ఒకావిడ, టెలిఫోన్లకని ఇంకొకావిడ పందెం వేసుకున్నారు. పందెం ఎవరూ గెలవలేదు.

డాక్టరు కళ్ళద్దాలు పెట్టుకుని పైన చుట్టిన టేపును సూదితో లేపింది. యాభై ఏళ్ళ నాటి జిగురు ఎండి పొడిగా రాలింది. తీగ కొసను పట్టుకుని బాబిన్‌ను మిషన్‌కి బిగించి, పిడిని వెనక్కి తిప్పబోయింది. తీగ ఊడిరాలేదు, బిగుసుకుంది. చుట్టు ఇంకోవైపు ఉంది.

ఆమె చేయి అక్కడే ఆగిపోయింది.

నలభై మందిలో ఎడమచేతివాటం ఆమె ఒక్కదానిదే. చేరిన మొదటి వారంలోనే తన మిషన్‌ను బల్లమీద అటునుంచి ఇటు తిప్పి పెట్టుకుంది. అందుకే అందరి చుట్లూ ఒకవైపు, ఆమెవి ఇంకోవైపు. సూపర్‌వైజరు ఒంటికాలి మీద లేచాడు. పైవాళ్ళు కొలిచి చూసి, ఎటు చుట్టినా పనిచేస్తుందని చెప్పాక గొణుక్కుంటూ ఊరుకున్నాడు.

“ఏంటి పిన్నీ, తెగిందా?” అన్నాడు యజమాని లోపల్నుంచి.

“లేదులే అబ్బాయ్. నువ్వు నీ పని చూసుకో,” అంది.

తను చుట్టినదాన్ని తనే విప్పడం ఇంతవరకూ ఆమెకు ఎదురుకాలేదు. కాయిల్ కాలిపోతేనే షాపుకొస్తుంది. కాలినదాన్ని ఉలితో కొట్టి పారేస్తారు. ఇది కాలలేదు. పంతొమ్మిదేళ్ళ పిల్ల ఎలా చుట్టిందో అలాగే ఉంది. పిడి తిప్పుతుంటే పొరపొరా బయటపడింది. ఒకచోట తీగలు ఒకదానిపక్కన ఒకటి బుద్ధిగా ఉన్నాయి. ఒకచోట గుంపుగా ఒకవైపు ఎక్కాయి, పక్కావిడతో కబుర్లలో పడి ఉంటుంది. మరోచోట మళ్ళీ సర్దుకున్నాయి. అప్పటి తన వేళ్ళు ఎలా ఉండేవో ఆమెకు గుర్తులేదు. వాటి పని మాత్రం ఇదిగో, కళ్ళెదుట ఉంది. ఆ పిల్లను చూసినట్టే అనిపించి సంతోషమూ వేసింది, ఎందుకో కాస్త జాలీ వేసింది.

తీగ పెళుసెక్కింది. రెండు వేల దగ్గర ఒకసారి తెగింది, అయిదు వేల ఎనిమిది వందల దగ్గర ఇంకోసారి. ప్రతిసారీ ఊపిరి బిగబట్టి సూదితో కొస వెతికి, కాగితం మీద అంకె వేసుకుని ముందుకు సాగింది. ఒంటిగంటకు చెల్లెలు ఫోన్ చేసింది. మొగుడు పోయినప్పటినుంచీ ఆమె చెల్లెలితోనే ఉంటోంది.

“అక్కా, డబ్బా తెరిచావా?”

“తెరిచానే. తింటున్నా.”

“అబద్ధాలాడకు. వెనకాల మిషన్ చప్పుడు వినపడుతోంది.”

డబ్బా సంచిలోంచి బయటికే రాలేదు. ఫోన్ పెట్టేసి మళ్ళీ పిడి పట్టుకుంది. ఈ రకం బాబిన్‌కి పదివేల చుట్లు, అది ఆమెకు నోటికి వచ్చు. తొమ్మిది వేల తొమ్మిది వందలు దాటాక మెల్లగా తిప్పింది. పదివేలు వచ్చింది. బాబిన్ మీద తీగ ఇంకా ఉంది.

పిడి వదిలి కాగితం మీది అంకెలు మళ్ళీ కూడింది.

ఫ్యాక్టరీ మిషన్లకి లెక్కచూపే గడులు మూడే ఉండేవి. వెయ్యి తిరగ్గానే మళ్ళీ సున్నాకొచ్చేది. అందుకని ప్రతి మనిషి దగ్గరా రెండు డబ్బాలు, పది చొక్కా గుండీలు. వెయ్యి అవగానే ఒక గుండీ ఈ డబ్బాలోంచి ఆ డబ్బాలోకి. పది గుండీలూ మారితే కాయిల్ పూర్తి. గుండీ వెయ్యడం మరిచిపోతే ఎవరికీ తెలీదు. కాయిల్ మాత్రం సరిగ్గా వెయ్యి చుట్లు ఎక్కువ లావెక్కుతుంది.

మిగిలిన తీగను విప్పింది. ఉత్త బాబిన్ బయటపడేసరికి లెక్క పదకొండు వేలకి రెండు తక్కువ. ఆ రెండూ తెగినచోట పోయి ఉంటాయి.

ఆ రోజు ఆమెకు బాగా గుర్తుంది. దానికి సంతోషించాల్సిందేమీ లేదు. సాయంత్రం తనిఖీలో మీటరు ముల్లు గీత దాటింది. సూపర్‌వైజరు ఆమె చుట్టిన కాయిల్‌ను హాలు మధ్యలో పైకెత్తి పట్టుకుని, “పది దాకా లెక్క రానివాళ్ళని కూడా పనిలో పెట్టుకుంటున్నాం,” అన్నాడు. నలభై మంది విన్నారు. తర్వాత దానిమీద ఎర్రరంగు చుక్క పెట్టి తీసివేతల డబ్బాలో పడేశాడు. పారేసేవాటికి ఆ చుక్క. కావలసినవాళ్ళు అందులోంచి ఏరుకుపోయేవారు, పక్కనున్న రేకుల కర్మాగారం కుర్రాళ్ళు కూడా.

ఆ మాట ఆమెను వదల్లేదు. అప్పట్నుంచీ ఒక్క చుట్టు తప్పలేదు. లెక్కపెట్టడం చేతినుంచి మనిషికి పాకింది. మెట్లెక్కితే మెట్లు, బస్సెక్కితే కరెంటు స్తంభాలు. ఆస్పత్రిలో మొగుడి మంచం పక్కన కూర్చున్నప్పుడు సెలైన్ చుక్కలు లెక్కపెట్టింది. అతను చెయ్యి పట్టుకుని ఏదో అంటుంటే, లెక్క పోతుందని వేలెత్తి ఆగమంది. ఆగాడు. ఆ మాట ఏమిటో ఆమెకు ఇవాళ్టికీ తెలీదు. ఇది ఎవరికీ చెప్పలేదు, చెల్లెలికి కూడా.

రెండున్నరకు డాక్టరు ఊపిరాడనివాడిలా వచ్చిపడ్డాడు. “ఎంత?”

“పదకొండు వేలు.”

“పదివేలు కదా ఉండాల్సింది! నేననుకుంటూనే ఉన్నా. చూశారా, స్పెషల్‌గా చేశారు!”

“ఇది పొరపాటు బాబూ,” అంది.

“ఏది?”

“మీరు ఆరేళ్ళుగా వెతుకుతున్నది.”

గుండీల సంగతి, చుక్క సంగతి, ఎడమచేతి సంగతి చెప్పింది. సూపర్‌వైజరు అన్న మాట మాత్రం చెప్పలేదు. డాక్టరు స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు. యజమాని ముక్కున వేలేసుకున్నాడు. కాసేపటికి డాక్టరు నవ్వడం మొదలుపెట్టి కళ్ళు తుడుచుకునేదాకా ఆపలేకపోయాడు.

“తీసివేతల డబ్బాలోదా! ఆ చుక్కకి దండం పెట్టేవాళ్ళున్నారు పిన్నిగారూ! ఇంతకీ ఆ రోజు గుండీ ఎందుకు మరిచిపోయారు?”

ఆమె చాలాసేపు ఆలోచించింది. ఆలోచించినకొద్దీ ముఖం మారింది. “సూపర్‌వైజరుది విగ్గు,” అంది చివరికి. “ఆవేళ ఫ్యాన్ కింద నిలబడ్డాడు. అది లేచి వెనక్కి తిరిగింది. ఆయనకి తెలీలేదు. పక్క బల్లావిడ నా చెవిలో, ‘అయ్యగారు అటు వెళ్తున్నారో ఇటు వస్తున్నారో చెప్పు’ అంది. నవ్వు ఆగలేదు. తలకాయ బల్లకింద పెట్టుకుని నవ్వాను. అప్పుడే వెయ్యి తిరిగుంటుంది.”

చెప్తూ ఆమె మళ్ళీ నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా. ఆమె అలా నవ్వగలదని యజమానికి అప్పటిదాకా తెలీదు.

“ఇప్పుడు కూడా పదకొండే చుట్టాలి,” అన్నాడు డాక్టరు. “సర్దుబాటు చెయ్యొద్దు.”

అనడం తేలికే. మిషన్‌ను అటునుంచి ఇటు తిప్పి పెట్టుకుని, కొత్త బాబిన్ బిగించి మొదలుపెట్టింది. కుడిచేతి వాటం యజమాని కోసం ఇన్నేళ్ళూ మామూలు వైపే ఉంచిన మిషన్ అది. ఎడమచేత్తో పిడి తిప్పుతూ కుడివేళ్ళ మధ్య తీగను జారనిచ్చింది. మొదట వేళ్ళు తడబడ్డాయి, అయిదొందల చుట్లకల్లా దారిలో పడ్డాయి. ఏ పొర బుద్ధిగా ఉండాలో, ఏ పొర గుంపుగా ఎక్కాలో విప్పేటప్పుడే రాసిపెట్టుకుంది. అలాగే ఎక్కించింది. పదివేలకు చెయ్యి దానంతటదే ఆగిపోయింది. నలభై ఎనిమిదేళ్ళ అలవాటు మరి. గడిలోని అంకె చక్కగా, గుండ్రంగా, ఒక ఒకటీ నాలుగు సున్నాలతో నిలబడింది. అక్కడ ఆపితే తప్పుపట్టే మొనగాడు లేడు. మీటరు ముల్లు సరైన గీతమీద నిలుస్తుంది.

ఆమె పిడివైపు చూస్తూ కాసేపు కూర్చుంది. తర్వాత తెలిసి తెలిసి పదివేల ఒకటో చుట్టు తిప్పింది. తర్వాత ఇంకొకటి. ఆ వెయ్యి చుట్లూ ఆమె జీవితంలో అన్నిటికంటే నెమ్మదిగా వేసినవి.

అయిదింటికి ఆంప్లిఫయర్ వచ్చింది. డాక్టరూ యజమానీ చెరోపక్కా పట్టుకుని, ఒకరినొకరు తిట్టుకుంటూ గుమ్మం దాటించారు. కాయిల్‌ను గిటారులో పెట్టి టంకం వేసే పని ఆమే చేసింది. వాల్వులు వేడెక్కడానికి రెండు నిమిషాలు పట్టింది. డాక్టరు గిటారు పట్టీ తగిలించుకోబోయి రెండుసార్లు జారవిడిచాడు. రోజూ పళ్ళు పీకే చేతులవి.

ఒక్కసారి మీటాడు.

అరలమీది మరల డబ్బాలన్నీ గలగలమన్నాయి. యజమాని చెవులు మూసుకున్నాడు. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. ఆమెకు అది చెవులకంటే ముందు అరికాళ్ళకు తెలిసింది. లేచి వెళ్ళి స్పీకరు పెట్టెమీద అరచెయ్యి ఆనించింది. పెద్ద జంతువేదో లోపల ఊపిరి తీస్తున్నట్టు పెట్టె కదిలింది. డాక్టరు కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. ఆయన తుడుచుకోలేదు.

“అదే,” అన్నాడు. “అదే పిన్నిగారూ.”

“మళ్ళీ కొట్టండి,” అందామె.

మళ్ళీ కొట్టాడు. నాలుగుసార్లు కొట్టించుకుంది. తర్వాత, “పదివేలే ఉంటే ఎట్లా ఉండేది?” అని అడిగింది. డాక్టరు కారులోంచి ఇంకో గిటారు తెచ్చాడు. దాని పికప్‌కి చుట్లు సరిగ్గా పదివేలు. అదే తీగ, అదే దెబ్బ. గొంతు సన్నగా, శుభ్రంగా, చెప్పినట్టు వినే పిల్లలా వచ్చింది.

“ఇదీ బాగానే ఉందిగా?”

“బాగానే ఉంది. ఇలాంటివి అందరిదగ్గరా ఉన్నాయి.”

ఆమె తలాడించింది. ఏదో పెద్ద బరువు దిగినట్టూ ఉంది, ఎవరో మోసం చేసినట్టూ ఉంది. ఆ సూపర్‌వైజరు ఇప్పుడీ గుమ్మంలో ఉంటే బాగుండుననిపించింది. తిట్టడానికి కాదు. ఊరికే నిలబెట్టి వినిపించడానికి.

డాక్టరు తీగలు చుట్టుకుంటుంటే మళ్ళీ అడిగింది. “ఇంకా ఎక్కువ చుడితే?”

“ఇంకానా? ఒక హద్దు దాటితే గొంతు మూసుకుపోతుందంటారు. బురదగా వస్తుందట.”

“అట? మీరు విన్నారా?”

“లేదు.”

“ఎవరైనా చుట్టి చూశారా?”

“ఈ బాబిన్ మీద ఎవరు చుడతారు పిన్నిగారూ?” అన్నాడాయన నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. యజమాని షట్టరు సగం దించుతూ, “పదండి పిన్నీ, చెవులు గింగురుమంటున్నాయి,” అంటే, “నువ్వెళ్ళు అబ్బాయ్. నేను తాళం వేసుకుంటా,” అంది. ముప్ఫై మూడేళ్ళలో ఆమె పని వేళ దాటాక ఉండటం అతను చూడలేదు. సర్దుకోవడానికేమో అనుకుని తాళంచెవి ఇచ్చి వెళ్ళాడు.

ఎనిమిదింటికి చెల్లెలు ఫోన్ చేస్తే బయలుదేరింది. ఇంటికెళ్ళాక రోజంతా జరిగింది విడవకుండా చెప్పింది. చెల్లెలు కంచం ముందుపెట్టి వింటూ కూర్చుంది. అక్క ఇంతసేపు మాట్లాడి ఎన్నాళ్ళయిందో ఆమెకు గుర్తులేదు.

“ఇంతకీ ఆ చప్పుడు బాగుందా అక్కా?”

“బాగుందో లేదో తెలీదే. ఇంకా వినాలనిపించింది,” అంది. “రేపు నన్ను ఓ గంట ముందు లేపు. పనుంది.”

తెల్లారి చెల్లెలు గంట ముందే టీ పట్టుకెళ్ళి లేపింది. ఆమె లేవలేదు. నిద్రలోనే పోయింది. ముఖంలో బాధేమీ లేదని చెల్లెలు తర్వాత వచ్చినవాళ్ళందరికీ చెప్పింది.

మూడోరోజున యజమాని షాపు తెరిచాడు. డాక్టరు కూడా వచ్చాడు, తెల్లకోటు లేకుండా. ఆమె బల్ల దగ్గరకు వెళ్ళి ఇద్దరూ ఆగిపోయారు. మిషన్ ఇంకా ఎడమచేతి వైపే తిరిగి ఉంది. మిగిలిన రెండో బాబిన్‌ను ఆమె దానికి బిగించింది. సగం దాటిన చుట్లు, వరసగా, మెరుస్తూ ఉన్నాయి.

“ఇది మీరు చెప్పారా?” అన్నాడు యజమాని.

“లేదు. నేనేమీ చెప్పలేదు.”

డాక్టరు బల్ల మీద కాగితాలన్నీ తిరగేశాడు. తెగిన చోట్ల అంకెలు, పొరల గుర్తులు, అన్నీ పాతదానివే. కొత్తదాని గురించి ఒక్క అక్షరం లేదు.

“పూర్తి చెయ్యమంటారా? నాకూ కొంచెం వచ్చు,” అన్నాడు యజమాని.

“చెయ్యొచ్చు. ఎక్కడ ఆపుతారు?”

యజమాని పిడిమీద వేసిన చెయ్యి తీసేశాడు. లెక్కచూపే గడిలో ఏడు వేల మూడు వందల పదహారు అని ఉంది. బాబిన్ నుంచి రీలు దాకా తలవెంట్రుకంత సన్నటి రాగితీగ, తెగకుండా, బిగువు తగ్గకుండా అలాగే ఉంది.